పిలిస్తే ఎనిమిది గంటలు

ట్రిపోలి,
ఆగస్టు 1988

అక్కకు, బావకు వందనాలు.

క్షేమంగా చేరాను. ఎయిర్‌పోర్టుకు దవాఖాన వాళ్లే బస్సు పంపారు. గదిలో ముగ్గురం నర్సులం, నేను తప్ప ఇద్దరూ కేరళ వాళ్లు. కిటికీ తెరిస్తే సముద్రం. తెరవకపోతే ఉక్క.

కోదాడ బస్టాండులో రూతు నా కొంగు వదలకపోతే నువ్వు దాని వేళ్లు ఒక్కొక్కటే విప్పావు. ఆ పని నా చేత కాకపోయేది. వాళ్ల నాన్న లారీ సూర్యాపేట దగ్గర బోల్తా పడ్డ నాటి నుంచి నన్ను చదివించిందీ నువ్వే, ఇప్పుడు నా పిల్లను ఒళ్లో పెట్టుకుందీ నువ్వే. ఇక్కడి రెండేళ్ల ఒప్పందం అయిపోగానే వచ్చేస్తాను.

విమానం ఎక్కడం ఇంత తేలికని అనుకోలేదక్కా. బొంబాయికీ ట్రిపోలికీ నడుమ ఆరువేల కిలోమీటర్లట. ఎక్కడా ఆగకపోతే ఎనిమిది గంటల ప్రయాణమట. హైదరాబాదు నుంచి బొంబాయికి రైల్లో పోయినంతలో సగం! రూతుకు ఇట్లా చెప్పు: అమ్మ ఎక్కడో లేదు, ఎనిమిది గంటల దూరంలోనే ఉంది. పొద్దున పిలిస్తే పొద్దుగూకేసరికి నీ ముందుంటది అని.

దాని నెత్తికి నూనె పెట్టేటప్పుడు చెవి వెనక కురుపు చూసుకో.

నీ చెల్లెలు
మరియమ్మ

*

మిర్యాలగూడ,
అక్టోబరు 1988

చెల్లె మరియకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం మీ బావ చదివి వినిపించారు, రూతును పక్కన కూర్చోబెట్టుకుని. అంత గొంతెత్తి చదవకుండా ఉండాల్సింది.

మర్నాడు కోడి కూయకముందే లేచింది. అరుగెక్కి, రైసు మిల్లు గోడ వైపు తిరిగి "అమ్మా, రా!" అని అరిచింది. ఇరుగుపొరుగు బయటికొచ్చారు. తర్వాత దిగి గడపలో కూర్చుంది. అన్నం తినమంటే, "పిలిచిన పెద్దమ్మా. అమ్మొచ్చినంక తింట" అన్నది. మధ్యాహ్నం మిల్లు సైరన్ మోగితే విమానమనుకుని వీధిలోకి ఉరికింది. పొద్దుగూకింది. మీ బావ జాలిపడి, "ఇయ్యాల గాలి ఎదురున్నది బిడ్డా, విమానం ఆలస్యమైతది" అన్నారు. ఆ మాటతో ఇంకా చెడింది. తెల్లారి మళ్లీ పిలిచింది. ఆ మర్నాడూ పిలిచింది. గొంతు పోయి జ్వరమొస్తే మంచంలోంచే పిలిచింది.

ఇప్పుడు తగ్గింది. కురుపు కూడా మానింది.

ఇకమీదట నీ ఉత్తరాల్లో గంటలు రాయకు. నువ్వు చదువుకున్నదానివి, నీకు అది లెక్క. దానికి అది మాట.

జానమ్మ

*

ట్రిపోలి,
డిసెంబరు 1988

అక్కా,

నీ ఉత్తరం డ్యూటీలో చదివాను. ఇకమీద గంటలు రాయను. రూతుకు చెప్పు, విమానం ఎనిమిది గంటలే గానీ సెలవు ఇయ్యడం వేరేవాళ్ల చేతిలో ఉంటది అని. ఐదేళ్ల పిల్లకు సెలవంటే ఏమిటో ఎట్లా చెప్తావో నాకు తెలియదు. నువ్వే ఏదో ఒకటి చెప్పు. నువ్వు చెప్తే వింటుంది.

పిల్లలు లేని ఇంట్లో పిల్ల తిరుగుతుంటే బావకు కూడా బాగుంటుందని నా ఆశ.

మరియమ్మ

*

మిర్యాలగూడ,
మే 1990

చెల్లె మరియకు,

ఇక్కడ ఎండలు మండుతున్నాయి. మీ బావకు పాలకీడు బడికి బదిలీ అయింది, రోజూ బస్సులో పోయి వస్తున్నారు.

రూతు రెండో తరగతి పాసైంది. ఇప్పుడు గడపలో కూర్చోవడం లేదు. ఆకాశంలో మోత వినిపిస్తే తలెత్తి చూస్తుంది గానీ ఏమీ అడగదు. మొన్న మెట్ల మీద పడి మోకాలు చీరుకుపోయింది. ఏడుస్తూ వచ్చి నన్ను "అమ్మా" అన్నది. పెద్దమ్మా అనబోయి సగంలో ఆగిందేమోననుకున్నాను. రెండోసారీ అన్నది. నేను సరిదిద్దలేదు. దెబ్బ తగిలిన పిల్లకు పాఠం చెప్తానా?

నేను కన్న ఇద్దరూ పురిట్లోనే పోయిన సంగతి నీకు తెలుసు. ఆ మాటతో నన్ను ఒకరు పిలవడం ఇదే మొదటిసారి. ఇంతకన్నా రాయను.

నీ ఒప్పందం ఆగస్టులో అయిపోతుంది కదా. వస్తున్నావా? వచ్చేదాకా దానితో చెప్పను. వచ్చాక చూపిస్తాను.

జానమ్మ

*

ట్రిపోలి,
జులై 1990

అక్కా,

శుభవార్త. ఇంకో రెండేళ్లకు సంతకం పెడితే ఉండటానికి విడిగా ఇల్లిస్తారు, పిల్లకు వీసా ఇస్తారు. మా మేట్రన్ మాట ఇచ్చింది. అందుకని ఈసారి రావడం లేదు. తొంభై రెండు వేసవిలో వచ్చి రూతును నాతో తీసుకొస్తాను. ఇక్కడ ఇండియా వాళ్ల బడి ఉంది. ఇంటి ముందు నారింజ చెట్లు. నేను వార్డు నుంచి వచ్చేసరికి అది తలుపు తీస్తుంది. రోజూ అదే అనుకుంటూ నిద్రపోతున్నాను.

నీకు చాలా శ్రమ ఇచ్చాను. ఇంకో రెండేళ్లు ఓర్చుకుంటే నీకు తీరిక దొరుకుతుంది. నువ్వూ బావా హాయిగా ఎటైనా తిరిగి రావచ్చు.

రూతుకు విమానమంటే భయం లేకుండా చెయ్యి. చెవులు మూసుకుపోతాయి, పిప్పరమెంటు నోట్లో పెట్టుకోవాలి, అంతే.

మరియమ్మ

*

మిర్యాలగూడ,
సెప్టెంబరు 1990

మరియమ్మకు,

తీరిక దొరుకుతుందని రాశావు. సంతోషం.

పేజీ నిండా రాసిన ఉత్తరంలో నారింజ చెట్లున్నాయి, మేట్రన్ ఉంది. నీ పిల్లకు ఏ కూర ఇష్టమో అడగలేదు. అది ఏ వైపు తిరిగి పడుకుంటుందో, ఉరుమంటే ఎంత బెదురుతుందో అడగలేదు. విమానమంటే భయం లేకుండా చేయమన్నావు. దానికి విమానమంటే భయం లేదు. విమానంలో ఎవరూ రారని తెలుసుకుంది.

గోంగూర ఇష్టం. నా వైపు తిరిగి పడుకుంటుంది.

మీ బావ నీ ఉత్తరం చదివి, అన్నం సగంలో లేచిపోయారు.

జానమ్మ

*

ట్రిపోలి,
ఏప్రిల్ 1992

అక్కా,

ఈ ఉత్తరం ట్యునీషియా మీదుగా ఊరికి పోతున్న ఒక సిస్టరు చేతికి ఇస్తున్నాను. బొంబాయిలో పోస్టు చేస్తుంది.

రేడియోలో వినే ఉంటారు. విమానం పేల్చారన్న మనుషులను ఇక్కడి ప్రభుత్వం అప్పగించలేదని, ఈ దేశానికి విమానాలు రాకూడదు, ఇక్కడి నుంచి ఎక్కడికీ పోకూడదని ఐక్యరాజ్యసమితి తీర్మానించింది. నాకు వచ్చే నెల టికెట్టు ఉంది. రూతు వీసా కాగితం నా పెట్టెలో ఉంది. రూతుకు గౌను కొన్నాను, ఎంత ఎత్తు పెరిగిందో తెలియక రెండు సైజులు కొన్నాను.

నిన్న ఎయిర్‌పోర్టు దాకా పోయి వచ్చాను. విమానాలన్నీ అక్కడే ఉన్నాయి, ఎండలో వరసగా. దూరం అంతే ఉంది. గంటలే లేవు. బార్డరు దాకా రోడ్డున పోవచ్చు గానీ సగం మంది నర్సులు ముందే వెళ్లిపోయారు, అందుకని దవాఖాన ఆఫీసులో ఉన్న నా పాస్‌పోర్టు ఇవ్వడం లేదు. నా బదులు ఇంకో నర్సును తెచ్చిపెట్టి పొమ్మంటున్నారు. ఎవరిని తేను?

రూతుకు మెల్లగా చెప్పు. అమ్మ బయల్దేరింది గానీ దారి మూసేశారని చెప్పు.

మరియమ్మ

*

మిర్యాలగూడ,
జులై 1992

మరియమ్మకు,

చెప్పాను. వారం రోజులు ఏడ్చింది. ఇప్పుడు బాగానే ఉంది, తింటున్నది.

మేము ఇల్లు మారాం, రూతు బడి కూడా మార్చాం. కొత్త చిరునామా కవరు వెనక ఉంది. దాని పేరున విడిగా ఉత్తరాలు రాయకు. చదివితే మనసు చెదురుతుంది, చదువు దెబ్బతింటుంది. ఏదైనా ఉంటే నాకు రాయి.

జానమ్మ

*

ట్రిపోలి,
నవంబరు 1993

అక్కా,

ఏడాదిన్నరలో నీ దగ్గర నుంచి రెండు ఉత్తరాలు. రూతు దగ్గర నుంచి ఒక్కటీ లేదు. నువ్వు వద్దన్నా ఆగలేక దానికి నాలుగుసార్లు రాశాను. పదేళ్ల పిల్ల, నాలుగు ముక్కలు రాయలేదా? కోపమైతే కోపమని రాయమను. తిట్టమను. దాని చేతిరాత ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. వార్డులో పిల్లలు చచ్చిపోతుంటే వాళ్ల తల్లులను పట్టుకుని ఓదారుస్తున్నాను. మందులు రావడం లేదు.

పాస్‌పోర్టు ఇస్తామన్నారు. ఇవ్వగానే బస్సులో బార్డరు దాటి, ట్యూనిస్‌లో విమానమెక్కి, ఎన్ని చోట్ల మారాల్సివచ్చినా వస్తాను. ఇక ఇక్కడికి తిరిగి రాను.

మరియమ్మ

*

మిర్యాలగూడ,
డిసెంబరు 1993

మరియమ్మకు,

ఇప్పుడు రావద్దు. రూతుకు పరీక్షలున్నాయి. వేసవి దాటనీ, నేను రాస్తాను. అప్పుడు చూద్దాం.

జానమ్మ

*

కోదాడ,
ఫిబ్రవరి 1994

జానమ్మకు,

అక్కా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నేను కోదాడలో గది కిరాయికి తీసుకున్నాను. మొన్న నీ ఇంటి ముందు ఏం జరిగిందో నువ్వు సగమే చూశావు. మిగతా సగం నేను రాస్తాను, నీకు తెలియాలి.

నేను వచ్చేసరికి అరుగు మీద ఒక పిల్ల పుస్తకం చదువుకుంటున్నది. రెండు జడలు. యేసేబుకు, అదే వాళ్ల నాన్నకు ఉన్నట్టే పెద్ద నుదురు. "ఎవరు గావాలె?" అన్నది.

"జానమ్మ ఉన్నదా?"

"అమ్మ కూరగాయలకు పోయింది. కూసోండ్రి." లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. మంచి మర్యాద నేర్పావు.

"నన్ను గుర్తువట్టినవా రూతూ?" అన్నాను.

చాలాసేపు చూసింది. "నన్ను కన్నామె లెక్కున్నరు. ఫోటోల సూసిన. గామె సచ్చిపోయింది."

నేను నీళ్లు కింద పెట్టాను. "ఎట్ల సచ్చిపోయింది?"

"విమానంల వస్తుంటె సముద్రంల పడ్డది." గొప్పగా చెప్పుకునే మాటలాగా అన్నది: "నాకోసమే వస్తుండె."

అప్పుడు నువ్వు సంచితో వీధి మలుపు తిరిగావు. నన్ను చూసి ఆగావు. అది "అమ్మా, గీమె ఎవరు?" అని అడిగింది. నువ్వు నా కళ్లలోకి చూస్తూ, "ఎవరో బిడ్డా. దారి తప్పి వచ్చినట్టున్నది. లోపలికి పో" అన్నావు.

నేను బస్టాండుకు ఎట్లా నడిచానో తెలియదు. నన్ను చంపడానికి నీకు సముద్రం కూడా కావలసివచ్చిందా? నేను దాని ముందు నిలబడి ఉన్నాను. నువ్వు నీ నోటితో నిజం చెప్పు. చెప్పేదాకా నేను వదలను.

మరియమ్మ

*

మిర్యాలగూడ,
ఫిబ్రవరి 1994

మరియమ్మకు,

నేను చెప్పను. నీ చేతనైతే నువ్వు చెప్పుకో.

దారులు మూసేశారని నువ్వు రాసిన రోజు ఏం జరిగిందో నీకు తెలియదు. మీ బావ పేపరు చదువుతూ విమానాలు ఆగిపోయాయని అన్నారు. రూతు విన్నది. మర్నాడు పొద్దున అరుగెక్కింది. తొమ్మిదేళ్ల పిల్ల, ఐదేళ్లప్పటిలాగే. "అమ్మా, రా" అన్నది, అరవలేదు, మామూలుగా అన్నది. దిగి గడపలో కూర్చుంది. నేను పళ్లెం తెచ్చి పెడితే పక్కకు తోసింది. "ఆగిపోయినయి గద పెద్దమ్మా. మళ్ల ఎప్పుడు నడుస్తయి? రేపా?" అని అడిగింది. అమ్మా అనే పిల్ల ఆ రోజు నన్ను మళ్లీ పెద్దమ్మా అన్నది. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు, "నడిచినయి బిడ్డా, మీ అమ్మ నీకోసం వస్తుండె, సముద్రంల పడ్డది" అన్నాను. ముందుగా అనుకున్న మాట కాదు, నోట్లోంచి వచ్చింది. వచ్చాక వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలని కూడా అనిపించలేదు. నీ ఉత్తరాలు పొయ్యిలో వేశాను.

అది వారం ఏడ్చి లేచి అన్నం తిన్నది. నువ్వు బతికుండి దాన్ని నాలుగేళ్లు పస్తు పెట్టావు. చచ్చిపోయి తిండి పెట్టావు.

పోలీసు దగ్గరికి పో, పాస్టరు దగ్గరికి పో. పిల్ల నీదేనని అందరూ అంటారు, నాకు తెలుసు. తీసుకుపో. తీసుకుపోయి, అది ఎటు తిరిగి పడుకుంటుందో అప్పుడు చూడు.

జానమ్మ

*

కోదాడ,
మార్చి 1994

అక్కా,

చెప్పాను.

బడి టీచరును అడిగి, మధ్యాహ్నం వరండాలో రూతును కూర్చోబెట్టుకున్నాను. దేనికీ ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని వేళ్లు తిప్పి చూసింది, దెయ్యం కాదని తేల్చుకోవడానికి కావచ్చు.

"అయితే పడలేదా విమానం?"

"పడలే బిడ్డా."

"ఎనిమిది గంటలే గద. మరి ఎందుకు రాలే?"

విమానాలు ఆపేశారని చెప్పాను. "ఆపకముందు?" అన్నది. దానికోసమే ఇంకో రెండేళ్లు ఉన్నానని, ఇల్లు ఇస్తారని, బడి ఉందని, నారింజ చెట్లని చెప్పాను. చెప్తున్నకొద్దీ నా మాటలు నాకే తప్పించుకునేవాళ్ల మాటల్లాగా వినిపించాయి. చివరిదాకా విన్నది. లేచి పావడా దులుపుకుంది.

"నువ్వు సచ్చిపోయినప్పుడే మంచిగుండె" అన్నది. "ఆ అమ్మ నాకోసం బయల్దేరింది. నువ్వు బయల్దేరలే."

గంట కొట్టారు. క్లాసులోకి పోయింది.

అక్కా, నువ్వు నన్ను చంపావని రాశాను. నువ్వు నన్ను చంపలేదు. నాకంటే మంచి తల్లిని తయారుచేసి ఇచ్చావు. ఇప్పుడు ఆమెను నేను చంపాను. ఇక దానికి ఆమె లేదు, నేను లేను. నువ్వు ఉన్నావా?

మరియమ్మ

*

మిర్యాలగూడ,
జూన్ 1994

చెల్లె మరియకు,

నేనూ లేను.

నువ్వు చెప్పిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి, బ్యాగు పెట్టి, "నువ్వు అబద్ధం జెప్పినవ్" అన్నది. ఒక్కసారే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తిట్టినా ఓర్చుకునేదాన్ని. వేసవంతా నేను వండింది తిన్నది, చెప్పిన పని చేసింది. నన్ను అమ్మా అనలేదు, పెద్దమ్మా అనలేదు. నీళ్లు కావాలంటే "నీళ్లు" అన్నది. గోడ వైపు తిరిగి పడుకున్నది.

మే నెలలో మీ బావతో, "నన్ను హాస్టల్ల ఎయ్యుండ్రి" అన్నది. వద్దని ఎంత చెప్పినా వినలేదు. నిన్న సూర్యాపేట పోయి, క్రైస్తవ పిల్లల హాస్టలులో దింపి వచ్చాం. బస్సులో కిటికీ వైపు కూర్చుని బయటికే చూసింది. గేటు దగ్గర నేను పట్టుకోబోతే పెట్టె ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "ఇగ పోండ్రి, బస్సు పోతది" అన్నది.

ఈ మాట నీకు రాయాలా వద్దా అని పొద్దుటి నుంచి ఆలోచించాను. మేం బయటికి వచ్చాక మీ బావ టిఫిను డబ్బా మరిచిపోయామని మళ్లీ లోపలికి పోయారు. వార్డెను రూతును చూడటానికి ఎవరెవరు వస్తారని అడుగుతున్నదట. రూతు, "ఎవరు రారు. మా అమ్మలిద్దరు ఒకటే విమానంల పోతుంటె పడ్డది" అని చెప్తున్నదట. మీ బావ డబ్బా గడపలో పెట్టి వచ్చేశారు. బస్సు నకిరేకల్ దాటేదాకా నాతో చెప్పలేదు. హైదరాబాదు పోయే తప్పు బస్సు ఎక్కామని కూడా ఇద్దరికీ అప్పటిదాకా తెలియలేదు.

నా మీద నీకు ఎంత కోపమున్నా ఉండనీ. మొదటి ఆదివారం చూడటానికి రానిస్తారట. ఇద్దరం కలిసి పోదాం. ఒక్కరినైతే కాదంటుందేమో. ఇద్దరం గేటు ముందు నిలబడితే, బతికే ఉన్నాం అని చూపిస్తే, ఎవరో ఒకరి దగ్గరికి రాదా? నీ దగ్గరికే రానీ. నేను ఏమీ అనను. ప్రమాణం చేస్తున్నాను.

నీ అక్క
జానమ్మ

*

కోదాడ,
జూన్ 1994

అక్కా,

నీ ఉత్తరం అందింది. నువ్వు రాకముందే నేను సూర్యాపేట పోవాలని అనుకున్నాను. చీర కట్టుకున్నాను, బస్టాండు దాకా పోయాను. బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఆకాశం మూసి లేదు, పాస్‌పోర్టు ఎవరి చేతిలోనూ లేదు, గంట ప్రయాణం.

నువ్వు పోవద్దు. నేనూ పోను.

దాన్ని నీ ఒళ్లో వదిలేటప్పుడు నేను దాన్ని అడగలేదు. ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టేటప్పుడు అడగలేదు. నువ్వు నన్ను సముద్రంలో వేసేటప్పుడు అడగలేదు, నేను వరండాలో నిజం చెప్పేటప్పుడు అసలే అడగలేదు. అది రమ్మని పిలిచినప్పుడు రాలేదు; ఇప్పుడు పదకొండేళ్లకు తన నోటితో కోరుకున్నది ఇదొక్కటే, ఎవరూ రావద్దని. ఈ ఒక్కటైనా చేద్దాం.

నేను ఇక్కడ ఒక నర్సింగ్ హోమ్‌లో చేరాను. రాత్రి డ్యూటీ అడిగి తీసుకున్నాను. నీకు ఒంట్లో బాగా లేదని బావ రాశారు. మందులు వేసుకో.

మరియమ్మ